అమావాస్య నాడు రాయని వీలునామా

నలుగురిని నవ్వించి ఒక మనిషికి ఇల్లు లేకుండా చేశాను. నాలుగేళ్లుగా ఈ వాక్యాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే కంటి మీద కునుకు లేకపోవడం, దేవుడి పటం ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకోవడం లాంటివి ఊహించుకోకండి. నాకు నిద్ర బాగానే పడుతుంది. గురక కూడా ఉందని ఇంట్లో సాక్షులున్నారు. బరువు తెలిసేది వేరే చోట. నేను వేసిన జోకుకి ఎవరైనా గట్టిగా నవ్వుతారు. ఆ నవ్వు ఆగాక, ఇంకొకరు మాట అందుకునే ముందు, చిన్న ఖాళీ ఉంటుంది. అక్కడ తెలుస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెబితే నవ్వుతారు. ఒకసారి మా నాన్నకి ఛాతీలో నొప్పి వస్తే దవాఖానకు తీసుకెళ్తూ దోస్తుకి ఫోన్ చేశాను. వాడు మొత్తం విని, "సరే, అసలు ముచ్చట చెప్పు" అన్నాడు. నా మాటకి ఊళ్లో ఉన్న విలువ అది. ఆ విలువ నేనే కష్టపడి సంపాదించుకున్నాను.

మాది సూర్యాపేట. పని కోదాడలో. చదివింది డిగ్రీ, చేసేది దస్తావేజులు టైప్ చేయడం. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఎదురుగా ఉండే దుకాణాల్లో మాదొకటి. దుకాణం మా గురువుగారిది. ఆయన చెబుతారు, నేను కొడతాను. "నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా" అని రోజుకి పదిసార్లు టైప్ చేసేవాణ్ని, ఆయన ఒత్తిడితో. అమ్మకం కాగితాలు, గిఫ్టు కాగితాలు, పంపకాలు, అప్పుడప్పుడూ వీలునామాలు. అన్నదమ్ములు మా బల్ల ముందు కూర్చుని ఒకరి మొహం ఒకరు చూడకుండా సంతకాలు పెట్టడం ఎన్నిసార్లు చూశానో. పక్క టీ కొట్టు దగ్గర ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఖాళీగా ఉండేవాళ్లు. సాక్షి సంతకం కావాలంటే వాళ్లనే పిలిచేవాళ్లం. అంటే వీలునామాకి కావలసినవన్నీ నా చేతికి అందే దూరంలోనే ఉండేవి. కాగితం, కంప్యూటరు, సాక్షులు, టీ.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానని మీరు అనుకోకూడదు. తెలియక చేసినవాడి మీద జాలి పడొచ్చు. నాకు అంతా తెలుసు.

మా అమ్మకి ఒక అక్క ఉండేది. సత్తెమ్మ. నాకు పెద్దమ్మ. మిర్యాలగూడలో ఉండేది. పెద్దనాన్న రైసు మిల్లులో మిషన్ ఆపరేటరు. ఆయన కట్టిన రెండు గదుల ఇల్లు, ముందు రేకుల వసారా. ఆ వాడకట్టంతా ఉడికిన వడ్ల వాసన. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు, రెండో రోజుకి ఆకలేస్తుంది. వాళ్లకి పిల్లలు లేరు. మిల్లులో పెద్దమ్మతో పాటు బియ్యం చెరిగే ఒకామె జ్వరంతో పోతే, ఆమె బిడ్డను పెద్దమ్మ ఇంటికి తెచ్చుకుంది. తెచ్చుకుంది, అంతే. దత్తత అనే మాట ఎవరూ అనలేదు. బియ్యం, బెల్లం తెచ్చుకున్నట్టు తెచ్చుకుంది. బడిలో వేసేటప్పుడు కూడా కన్నతండ్రి పేరే రాయించింది. "ఆయన పేరు ఎందుకు పోగొట్టాలె" అన్నదట. ఆ పిల్ల రేణుక. నాకంటే ఆరేళ్లు పెద్దది. రేణక్క.

రేణక్క పెద్దమ్మని అమ్మ అనేది. పెద్దనాన్న పోయాక వసారాలో కుట్టుమిషను పెట్టుకుని ఇల్లు నడిపింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే మిషన్ తొక్కుడు వేగం పెంచేది, మాట వినపడకుండా. నేను మిర్యాలగూడ వెళ్లినప్పుడల్లా పెద్దమ్మా నేనూ కలిసి చుట్టాలందరినీ ఒక్కొక్కరిగా అనుకరించేవాళ్లం. రేణక్క నవ్వు ఆపుకోలేక దారం తెంపుకునేది. నా నోటి దురద ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే మా అమ్మ ఇప్పటికీ మిర్యాలగూడ వైపు చేయి చూపిస్తుంది.

పెద్దనాన్న పోయాక ఆ ఇల్లు పెద్దమ్మ పేరు మీదికి వచ్చింది. ఆ తర్వాతే ఆమెకి ఆలోచన మొదలైంది. వాడకట్టులో ఎవరో పోతే, వాళ్లు పెంచిన పిల్లవాణ్ని పదిరోజుల్లో బయటికి పంపించారట. నాకు ఫోన్ చేసింది. గిఫ్టుకీ వీలునామాకీ తేడా ఏమిటని అడిగింది. చెప్పాను. ఒక్కసారి విని, "అంటే గిఫ్టయితే ఇప్పుడే పోతది, వీలునామా అయితే నేను పోయినంక పోతది. నాకు రెండోదే కావాలె. రేపు రేణుకతోని కొట్లాటయితే ఇల్లు నాదని అనాలె గద" అంది. నేను మా దుకాణానికి వచ్చేవాళ్లకి అరగంట పట్టి చెప్పేది ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఎప్పుడు రమ్మంటవ్?" అంది. "నువ్వెప్పుడొస్తే అప్పుడే" అన్నాను. గొప్పగా అన్నాను. ఆఫీసంతా నాదే అన్నట్టు.

వచ్చింది. రేణక్కను వెంటబెట్టుకుని, హుజూర్‌నగర్ మీదుగా బస్సులో, చేతిసంచిలో ఆధార్ కార్డు, ఇంటి పన్ను రసీదు, ఇంటి కాగితాలు. ఆ రోజు అమావాస్య.

మా దగ్గర అమావాస్య నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసు ఖాళీ. కొనేవాడూ రాడు, అమ్మేవాడూ రాడు. మా గురువుగారు ఆ రోజు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. నాకు సగం రోజు సెలవిస్తారు. ఆ సెలవు మీద నాకు వేరే లెక్క ఉంది. నడిగూడెంలో క్రికెట్ టోర్నమెంటు ఫైనలు. నేను ఆడేవాణ్ని కాదు. మైకు. కామెంటరీ. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో నా కామెంటరీకి పేరుంది. రనౌటయినవాడి మీద ఏమంటానో వినడానికే వచ్చేవాళ్లున్నారు. రనౌటయినవాడు కూడా వింటాడు. జీతం లేదు, మధ్యాహ్నం భోజనం ఉంటుంది.

పెద్దమ్మ దుకాణంలోకి వచ్చి బెంచీ మీద కూర్చుంది. రేణక్క ఆమె వెనక నిలబడింది. బయట బండి మీద ఒకడు నాకోసం హారన్ కొడుతున్నాడు.

"ఇయ్యాల అమావాస్య పెద్దమ్మా" అన్నాను.

"ఎరుకే. అందుకే వచ్చిన. జనం ఉండరు, లైను ఉండదు."

"అమావాస్య నాడు ఎవరన్న వీలునామా రాస్తరా?"

"మరి సావు మంచిరోజు చూసుకొని వస్తదా కొడకా? కూసో, కొట్టు. ఇల్లు రేణుకకు. నేను ఉన్నన్ని రోజులు నాది, నేను పోయినంక దానిది. గంతే. దాని మీద ఇంకెవరికీ మాట లేదు."

మా గురువుగారు పేపరు దించి చూశారు. ఆయన మాట సగం అటు ఆంధ్రా వైపుంటుంది. "మీ పెద్దమ్మగారు చెప్పింది కరెక్టేనయ్యా. చిన్న పనేగా, కొట్టేసెయ్యి. ఆవిడ సంతకం, ఇద్దరు సాక్షులు. రిజిస్ట్రేషన్ కావాలంటే ఇంకో రోజు చూసుకోవచ్చు."

బయట మళ్లీ హారన్.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. నాకు అమావాస్య మీద నమ్మకం లేదు. పిల్లి ఎదురొస్తే పిల్లికి మంచి జరుగుతుందా అని అడిగే రకాన్ని. మా ఇంట్లో వర్జ్యం చూసినప్పుడల్లా వెక్కిరించేవాణ్ని. అలాంటివాణ్ని ఆ రోజు పంచాంగం వెనక దాక్కున్నాను. ఎందుకు? మైకు కోసం. ఇంకా లోతుగా ఏమైనా కారణం ఉందేమో అని నాలుగేళ్లు తవ్వి చూసుకున్నాను. చావు మాట అంటే భయమా? ఆమె లేని రోజుని టైప్ చేయలేకపోయానా? అలా ఉంటే బాగుండేది, చెప్పుకోవడానికి అందంగా ఉండేది. లేదు. ఎంత తవ్వినా మైకే తగులుతోంది.

"పెద్దమ్మా, నువ్వు ఇంకో ముప్పై ఏండ్లు ఉంటవ్" అన్నాను. "నీ వీలునామాకు సాక్షి సంతకం నా మనవడు పెడ్తడు. వాని తాతకే ఇంకా పెండ్లి కాలే. జర ఆగు."

టీ కొట్టు దగ్గరివాళ్లు నవ్వారు. గురువుగారు నవ్వు దాచుకోవడానికి పేపరు ఎత్తారు. పెద్దమ్మ కూడా నవ్వింది. నా తల మీద ఒకటిచ్చి, "అయితే ముందు నీ పెండ్లి సూడాలె, ఎవతె దొరుకుతదో దాని కర్మ" అంది. నేను ఇద్దరికీ నిమ్మసోడా తాగించి, సంచి మోసుకెళ్లి మిర్యాలగూడ బస్సెక్కించాను. సీటు కూడా పట్టాను. కండక్టరుకి చెప్పి కిటికీ వైపు కూర్చోబెట్టాను. ఎంత మంచివాణ్నో చూడండి. తర్వాత నడిగూడెం వెళ్లి ఆ సాయంత్రం దాకా మైకులో మాట్లాడాను. ఆ రోజు నేను చాలా బాగా మాట్లాడానని అందరూ అన్నారు.

ఆ తర్వాత ఆమె రెండుమూడు సార్లు ఫోన్ చేసింది. "నేనే మిర్యాలగూడకు వస్త, అక్కడ్నే రాద్దాం" అన్నాను. నిజంగా వెళ్దామనే అనుకున్నాను. వచ్చే ఆదివారం. ఆ పై ఆదివారం. కాగితం మీద రాసుకుని, ఇద్దరు పక్కింటివాళ్ల ముందు ఆమె సంతకం పెట్టి, వాళ్లతో సంతకాలు పెట్టించినా సరిపోయేది. స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు. ఫోన్‌లో ఆ మాట చెప్పినా రేణక్కే రాసేది. ఆ ఒక్క మాట నేనెందుకు చెప్పలేదు? చెబితే నా అవసరం ఉండదు కదా. ఇంట్లో ఒక కాగితాలవాడు ఉన్నాడంటే అందరూ వాడి దగ్గరికే రావాలి. వచ్చి ఆగాలి. ఇది నేను ఇప్పుడు రాస్తూ ఉంటే తెలుస్తోంది. ముందు ఇంత స్పష్టంగా అనుకోలేదు.

ఒక పొద్దున బియ్యం కడుగుతూ పెద్దమ్మ కూలబడింది. దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయింది.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక టెంటు కింద కుర్చీలు గుండ్రంగా వేశారు. మా వైపు ఇది మామూలే. తిన్న చేతులు కడుక్కోగానే లెక్కలు తేల్చుకుంటారు, మళ్లీ ఇంతమంది ఒక్కచోట దొరకరని. పెద్దనాన్న తమ్ముడు చంద్రయ్య కూర్చున్నాడు. నాకు చిన్నాయన వరస. తలకొరివి పెట్టింది ఆయన కొడుకే. వాడకట్టు పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు. మా అమ్మా నాన్నా. నేను. రేణక్క ఒక పక్కన స్తంభానికి ఆనుకుని కింద కూర్చుంది. ఎవరూ ఆమెకి కుర్చీ వేయలేదు. నేను కూడా.

చంద్రయ్య చిన్నాయన గురించి నేను చెడ్డగా చెప్పగలిగితే ఈ కథ నాకు సులువయ్యేది. ఆయన అరిచి, గొడవ చేసి, ఎవరినైనా తోసేసి ఉంటే నేను ఆయన మీద ఇప్పటికి వంద జోకులు వేసి ఉండేవాణ్ని. ఆయన అలా చేయలేదు. గొంతు సర్దుకుని చాలా మెల్లగా అడిగాడు.

"ఇల్లు అన్న కట్టింది. వదినెకు పిల్లలు లేరు. లెక్క ప్రకారం మాకే వస్తదని అందరు అంటున్నరు. అయినా వదినె ఏమన్న చెప్పి పోయిందా? ఉంటే చెప్పుండ్రి. ఆమె మాట ఉంటే నేనెందుకు కాదంటా? ఆమె నాకు తల్లి లెక్క."

రేణక్క తలెత్తింది. "చెప్పింది చిన్నాయనా. ఇల్లు నాకని చెప్పింది. తమ్మి ముంగట్నే చెప్పింది, కోదాడల, ఆని దుకాణంల. ఆన్నే అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు.

ఒక్క మాట. అవును అంటే సరిపోయేది. ఆ 'అవును' చట్టం ముందు చెల్లదని నాకు తెలుసు, నోటిమాట వీలునామా కాదు. కానీ అక్కడ కూర్చున్నది చట్టం కాదు, చంద్రయ్య చిన్నాయన. ఆమె మాట ఉంటే కాదననని నలుగురి ముందు అన్న మనిషి. ఆయన రేణక్క పేర ఇంకో కాగితం రాసి ఆ మాట నిలబెట్టేవాడు. నిలబెట్టేవాడా? ఏమో. ఆయనకి ఆ అవకాశం నేను ఇవ్వలేదు.

ఎందుకంటే 'అవును' తర్వాత ఇంకో ప్రశ్న వస్తుంది. మరి నువ్వు కాగితాల పని చేసేటోనివి గదా, ఎందుకు రాయించలే? మా అమ్మ అక్కడే ఉంది. చచ్చిపోయింది ఆమె తోబుట్టువు. ఆమె ముందు నేనేం చెప్పాలి? క్రికెట్ కామెంటరీ ఉండె అనా?

నవ్వాను. ఎప్పుడూ చేసే పనే. "అన్నది గని, అది అమావాస్య నాడు" అన్నాను. "మా పెద్దమ్మ సంగతి మీకెరుకే గద. యముడు గుమ్మం కాడికొస్తే, అమావాస్య నాడు జనం ఉండరు లోపలికి రా నాయనా, చాయ్ తాగిపో అంటది. ఊకె నవ్వులాటకు అన్నది చిన్నాయనా. సోడా తాగి మళ్లీ బస్సెక్కింది."

నవ్వారు. చావింట్లో పది రోజులు మొహాలు వేలాడేసుకున్నవాళ్లకి అది ఎంత హాయిగా అనిపించిందో. ఒక పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటూ, "అట్లనే అంటది, అచ్చం అట్లనే అంటది" అన్నాడు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రేణక్క కూడా నవ్వింది. అదే నేను మరిచిపోలేకపోతున్నది. ఏడ్చి ఉంటే, నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట నిజంగా పెద్దమ్మ అన్నట్టే ఉంది కాబట్టి, పది రోజుల తర్వాత పెద్దమ్మ గొంతు విన్నట్టు అనిపించి, ఆమెకి నవ్వు వచ్చేసింది. తర్వాత ఆ నవ్వు ఆమె మొహం మీదే ఉండిపోయింది, ఏం చేయాలో తెలియనట్టు. మళ్లీ ఏమీ అడగలేదు.

చంద్రయ్య చిన్నాయన ఆమెను వెంటనే వెళ్లమనలేదు. పెళ్లిళ్ల సీజను అయ్యేదాకా ఉండు బిడ్డా, గిరాకీ పోతది అన్నాడు. మంచం, బీరువా ఆమెకే ఇచ్చాడు. ఆ తర్వాత ఇల్లు మిల్లు వాళ్లకే అమ్మాడు. ఇప్పుడు అక్కడ బస్తాలు పెడతారు.

ఆ తర్వాత నాకు ఇంకో పిచ్చి పట్టింది. కనిపించిన ప్రతివాడికీ వీలునామా రాయమని చెప్పడం. టీ కొట్టు దగ్గర, బస్సులో, పెళ్లి భోజనాల్లో. బ్యాంకులో నామినీ పేరు రాశాం కదా అని ఒకాయన ధీమాగా అంటే, నామినీ అంటే సొమ్ము చేతికి తీసుకునేవాడు, సొంతదారు కావాలని లేదు, వారసులు అడిగితే పంచాలి అని వివరించాను. ఆయన మొత్తం విని నా భుజం తట్టి, "నీ కామెంటరీ బాగుంటది రా" అన్నాడు. త్రిపురారం నుంచి వచ్చిన ఒక రైతు పొలం ఒక కొడుక్కి గిఫ్టు రాసిస్తానంటే, నువ్వు తినేదాకా నీ పేరునే ఉంచుకోవయ్యా, వీలునామా రాయి, మనసు మారితే మార్చుకోవచ్చు, చివర రాసిందే చెల్లుతుంది అని బతిమిలాడాను. బయట నిలబడ్డ కొడుకు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. మా అమ్మకి చెబితే "నోరు మూయి, ఇంట్ల మంచిగున్నప్పుడు ఏం మాటలవి" అని తిట్టింది. గురువుగారిని అడిగాను, మీరు రాశారా అని. వేలాది కాగితాలు రాసిన మనిషి. "మనకేం తొందరయ్యా" అన్నారు, పేపరు తిప్పుతూ.

కోపం వస్తుంది. ఎంత చిన్న పని ఇది. పిల్ల పుట్టగానే పేరు, తేదీ రాయించడానికి పరుగెత్తుతారు. రేషన్ కార్డులో పేరు తప్పు పడితే ఏడాది తిరుగుతారు. మనిషి పోయాక ఎవరిది ఏమిటో ఒక తెల్ల కాగితం మీద రాసి ఇద్దరి ముందు సంతకం పెట్టమంటే మాత్రం శాపం పెట్టినట్టు చూస్తారు. పట్టుదలతో నా వీలునామా నేనే రాశాను. నాకున్నది ఒక బండి. దోస్తులని సాక్షి సంతకాలు అడిగితే, "కిస్తులు కూడా రాసినవా, అవి ఎవరికి?" అన్నారు. నవ్వారు. నేనూ నవ్వాను.

అయినా ఈ కోపం ఎవరి మీద? వాళ్లు తమకి తోచక రాయడం లేదు. రాస్తానని బస్సెక్కి వచ్చిన ఒకే ఒక్క మనిషిని నేను సోడా తాగించి పంపాను. ఊరందరికీ ఉపదేశం చేసి ఆ ఒక్కటీ చెరుపుకుందామని చూస్తున్నాను. అది కూడా నాకు తెలుసు. తెలిసీ చేస్తున్నాను.

రేణక్క ఇప్పుడు సూర్యాపేటలోనే ఉంది, మాకు రెండు వీధుల అవతల. కిరాయి గది, ముందు మిషను. మా అమ్మే చూసి పెట్టింది. మా అమ్మ జాకెట్లన్నీ ఆమే కుట్టేది. నేను ఆ వీధిలోంచి పోను. చుట్టు తిరిగి పోతాను. మొన్న ఆమే మా ఇంటికి వచ్చింది, జాకెట్లు ఇవ్వడానికి. అమ్మ లోపలుంది. వాకిట్లో నేనొక్కణ్నే. సంచి నా చేతికిచ్చి, నా వైపు చూడకుండా అడిగింది.

"తమ్మి, ఒకటి అడగాల్నని ఎప్పటిసంది అనుకుంటున్న. ఇల్లు ముచ్చట కాదు, అది ఒడ్సిపోయింది. అమ్మ నిజంగ నవ్వులాటకే అన్నదా? నేను ఆమె ఎనక నిలవడ్డ. మొఖం కనవడలే నాకు. నీకు కనవడ్డది గద."

నేనేమన్నానో తెలుసా? "చాయ్ తాగుతవా అక్కా" అన్నాను. వద్దని వెళ్లిపోయింది.

నాలుగేళ్లు నేను ఇంటి గురించే అనుకుంటూ వచ్చాను. ఆమె ఇల్లు పోగొట్టాను, అది పెద్ద తప్పు, ఏం చేస్తాం అని. ఆమె ఆ నాలుగేళ్లూ వేరేది వెతుక్కుంటోంది. తనని కన్న కూతురు లెక్క చూసిందని అనుకున్న మనిషి, చివరికి తన గురించి జోకు వేసిందా అని. ఇల్లు చంద్రయ్య చిన్నాయనకు పోయింది. ఇది మాత్రం నేను తీసుకున్నాను. ఎవరికీ పనికిరాని దాన్ని, నాక్కూడా పనికిరాని దాన్ని, తీసుకుని పెట్టుకున్నాను.

మర్నాడు పని ఎగ్గొట్టి ఆమె దగ్గరికి వెళ్లాను. దారిలో ఎలా మొదలుపెట్టాలా అని నాలుగైదు రకాలు అనుకున్నాను. అన్నింటిలోనూ మొదట ఒక చిన్న జోకు ఉంది. అన్నీ కొట్టేసుకుంటూ వెళ్లేసరికి ఏమీ మిగల్లేదు. గుమ్మంలో నిలబడే చెప్పాను. అమావాస్య, నడిగూడెం, మైకు, టెంటు కింద ఎందుకు అలా అన్నానో. ఆమె ఒక గుడ్డకి అంచు మడుస్తోంది. మిషను ఆపింది. సూది దిగిన చోటే ఉండిపోయింది.

దారం వేలికి చుట్టుకుంటూ అడిగింది. "అమ్మ నవ్విందని చెప్పినవ్ గదా. ఎప్పుడు నవ్వింది? ఇల్లు మాట అన్నప్పుడా, నువ్వు జోకేసినంకనా?"

"నేను జోకేసినంక."

"ఇల్లు మాట అన్నప్పుడు?"

"నవ్వలే అక్కా. నా కండ్లల్లకి సూస్కుంట చెప్పింది. దాని మీద ఇంకెవరికీ మాట లేదన్నది. కొట్టమన్నది."

ఆమె తల ఊపింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నేను కూర్చోవచ్చా అన్నట్టు లోపలికి ఒక అడుగు వేశాను. చేయెత్తి ఆపింది.

"మీ అమ్మ జాకెట్లు ఇంకెవరితోనన్న కుట్టించుకోమను" అంది. "నేను ఇగ రాను. నువ్వు గూడ ఈడికి రాకు."

ఈసారి తమ్మీ అనలేదు. గుడ్డ సర్దుకుని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. క్షమించమని అడగాలనుకున్నాను. ఆ చప్పుడులో అడగలేకపోయాను. అడిగి ఉంటే అది కూడా నాకోసమే అడిగినట్టు ఉండేది.

ఇంటికి వచ్చి అమ్మకి జాకెట్ల మాట చెప్పాను. ఎందుకట అని అడిగింది. గడప మీద కూర్చుని మొదటినుంచీ చెప్పాను, మీకు చెప్పినట్టే, ఒక్క ముక్క తగ్గించకుండా. అమ్మ వింది. అయిపోయాక లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి కంచంలో అన్నం పెట్టి నా ముందు జరిపింది. కూర వేయలేదు. మరిచిపోయిందో, కావాలనే చేసిందో నేను అడగలేదు. ఉత్త అన్నమే ముద్దలు చేసుకుని తిన్నాను. గొంతు దిగింది.